బల్ల

బల్ల అనునది సమతలమైన పైపలకయు, దానిని నేల నుండి ఎత్తుగా నిలుపు కాళ్ళును కలిగిన గృహోపకరణము. భోజనము చేయుటకు, వ్రాసుకొనుటకు, వస్తువులు ఉంచుటకు, ఆటలాడుటకు, సమావేశములు జరుపుటకు దీనిని ఉపయోగింతురు. దీనిని కలప, రాయి, లోహము, గాజు, ప్లాస్టిక్ వంటి పదార్థములతో తయారు చేయుదురు. మేజాబల్ల, టేబులు అనునవి దీనికి గల ఇతర పేర్లు.

పదము

తెలుగులో బల్ల అను మాటకు చెక్క పలక అనియే మొదటి అర్థము. నల్లబల్ల, బల్లకట్టు అను మాటలలో ఈ అర్థము నేటికీ నిలిచియున్నది. టేబులు అను ఆంగ్ల పదమునకు మూలమైన లాటిన్ 'టాబులా' కూడా పలక అనియే అర్థమిచ్చును. సందేహమునకు తావు లేకుండ పలుకుటను "బల్ల గుద్ది చెప్పుట" అందురు. మిట్టపల్లములు లేని నేలను "బల్లపరుపు" నేల అందురు.

చరిత్ర

ప్రాచీన ఈజిప్టులో చెక్క బల్లలు, రాతి బల్లలు వాడుకలో ఉండెను. గ్రీకులు పానుపులపై ఒరిగి భుజించెడివారు. వారి బల్లలు చిన్నవి, భోజనానంతరము పానుపు క్రిందికి నెట్టివేయదగినవి. రోములో బల్ల ధనికుల ఆడంబరమునకు గుర్తయ్యెను. ఉత్తర ఆఫ్రికా నుండి వచ్చు ఒక అరుదైన కలపతో చేసిన బల్లకు సిసిరో 5 లక్షల సెస్టర్సులు చెల్లించెనని ప్లినీ వ్రాసియున్నాడు. మధ్యయుగపు ఐరోపా భవనములలో పొడవాటి పలకలను విడి ఆధారములపై పరచి, భోజనము ముగియగనే తీసివేసెడివారు.

ఆసియాలోని పలు దేశములలో నేలపై కూర్చుండుట ఆచారమగుటచే పొట్టి బల్లలు అభివృద్ధి చెందినవి. జపానులోని 'కొటాట్సు' క్రింద వేడినిచ్చు సాధనమును అమర్చి, పైన బొంత కప్పుదురు. కొరియాలోని 'సోబాన్' వంటగది నుండి భోజనమును మోసి తెచ్చుటకు పళ్ళెముగను, భుజించుటకు బల్లగను ఉపకరించును. ఇథియోపియాలోని 'మెసోబ్' అల్లికతో చేసిన ఎత్తైన బుట్ట. దాని చుట్టును చేరి అందరును ఒకే రొట్టె నుండి తుంచుకొని తిందురు.

తెలుగువారిలో

తెలుగువారి ఇండ్లలో పూర్వము పీటపై కూర్చుండి, నేలపై పరచిన విస్తరిలో భుజించుట సాధారణము. గుమాస్తాలు, వర్తకులు వాలుమూత గల పొట్టి పెట్టెను ముందుంచుకొని, నేలపై కూర్చుండియే లెక్కలు వ్రాసెడివారు. కుర్చీతో కూడిన ఎత్తు బల్ల ఆంగ్లేయుల పాలనాకాలమున కచేరీలు, పాఠశాలల ద్వారా వ్యాప్తి చెందెను. హైదరాబాదులోని ఇరానీ హోటళ్ళు పాలరాతి పలక గల బల్లలకు పేరుపొందినవి.

హోటలు బల్ల సామాజికముగా కూడా ముఖ్యమైనది. బంతి భోజనములలో ఎవరి సరసన ఎవరు కూర్చుండవలెనన్నది కులమును బట్టి నిర్ణయమగుచుండెడిది. అనేక గ్రామములలోని టీ దుకాణములలో దళితులకు వేరు గ్లాసు ఇచ్చి, బల్ల వద్ద చోటివ్వక బయట కూర్చుండబెట్టెడి దురాచారము ఉండెను. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగములోని 15వ అధికరణము కుల, మత భేదములను బట్టి ఎవరికిని హోటళ్ళలో ప్రవేశము నిరాకరింపరాదని నిర్దేశించినది. 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. రెండు గ్లాసుల పద్ధతిపై ఆ తరువాత దశాబ్దములలో కూడా ఉద్యమములు చేయవలసి వచ్చినది.

నిర్మాణము, కొలతలు

భోజనపు బల్ల ఎత్తు సాధారణముగా 72 నుండి 76 సెంటీమీటర్లు. కూర్చుండు తలమునకును బల్ల పైతలమునకును మధ్య 25 నుండి 30 సెంటీమీటర్ల అంతరముండవలెను. అంతకు మించినచో భుజములు పైకి లేచును. తగ్గినచో వీపు వంగును. అందుచే పెద్దల బల్ల పిల్లలకు పనికిరాదు. ఒక్కొక్కరికి సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు అవసరము. టేబుల్ టెన్నిస్ బల్ల పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు, ఎత్తు 76 సెంటీమీటర్లు.

కలప తేమను పీల్చి అడ్డముగా వ్యాకోచించును, ఎండకు సంకోచించును. అందుచే వెడల్పైన పలకను చట్రమునకు కదలకుండ మేకులతో బిగించినచో అది చీలిపోవును. నేర్పరులైన వడ్రంగులు మర బిగించు రంధ్రమును కొంత పొడవుగా తొలిచి, పలక కదలుటకు వీలు కల్పింతురు.

మూడు కాళ్ళ బల్ల ఎట్టి నేలపైనను ఊగదు. మూడు బిందువులు ఎల్లప్పుడును ఒకే తలములో ఉండుటయే దీనికి కారణము. సమానమైన నాలుగు కాళ్ళు గల చదరపు బల్ల ఎగుడుదిగుడు నేలపై ఊగుచున్నచో, దానిని ఉన్నచోటనే పావుచుట్టు లోపు త్రిప్పిన నాలుగు కాళ్ళును నేలనంటు స్థానము దొరకును. నేల మరీ వాలుగా గాని, మెట్టువలె తెగి గాని ఉండనంతవరకు ఇది వర్తించునని గణితశాస్త్రజ్ఞులు నిరూపించిరి.

ఆధునిక రూపకల్పనలో ఈరో సారినెన్ 1950ల దశకములో రూపొందించిన ఒంటికాలి బల్ల ప్రసిద్ధమైనది. కాళ్ళ గుంపును తొలగించి, కూర్చుండువారి మోకాళ్ళకు చోటు కల్పించుట దీని ఉద్దేశము.

వేడుకలలో

పోలండులో క్రిస్మస్ ముందు రాత్రి విందున బల్లగుడ్డ క్రింద ఎండుగడ్డి పరచి, అనుకోని అతిథికై ఒక స్థానమును ఖాళీగా ఉంచుదురు. సిసిలీలో మార్చి 19న పునీత జోసెఫు పండుగకు బల్లలపై ఆహారమును పేర్చి పేదలకు పంచిపెట్టుట ఆచారము. జార్జియా దేశపు 'సుప్రా' విందును 'తమాదా' అనబడు పెద్ద నడిపించును. తెలుగు క్రైస్తవులు ప్రభురాత్రి భోజన సంస్కారమును "ప్రభువు బల్ల" అని పిలుతురు. తెలుగువారి పెండ్లిళ్ళలో నేలబంతుల స్థానమున, కాగితపు చుట్టలు పరచిన పొడవాటి బల్లలు వచ్చినవి. మోకాళ్ళ నొప్పులు గల వృద్ధులకు ఇది సౌకర్యమైనది.

చర్చలలో

బల్ల ఆకారము అందు కూర్చుండువారి హోదాను సూచించును. గుండ్రని బల్లకు తలాపు ఉండదు గనుక అది సమానత్వమునకు చిహ్నమయ్యెను. భారత రాజ్యాంగ సంస్కరణలపై 1930-32 మధ్య లండనులో జరిగిన మూడు సమావేశములకు రౌండ్ టేబుల్ సమావేశములని పేరు.

వియత్నాం యుద్ధ విరమణకై పారిస్‌లో జరుగవలసిన నాలుగు పక్షముల చర్చలు 1968 చివర బల్ల ఆకారముపై వివాదముతో నిలిచిపోయెను. దక్షిణ వియత్నాంలోని తిరుగుబాటు సంస్థకు సమాన హోదా ఇచ్చుటయా, మానుటయా అన్నదే ఈ వివాదములోని అసలు సమస్య. 1969 జనవరిలో ఒక గుండ్రని బల్లకు ఇరువైపుల రెండు చిన్న దీర్ఘచతురస్రపు బల్లలు ఉంచుటకు అంగీకారము కుదిరినది. ఈ వారములన్నింటను యుద్ధములో ప్రాణనష్టము కొనసాగుచునేయుండెను.

ప్రకృతిలో, ఛాయాచిత్రములలో

పైభాగము చదునుగను, అంచులు నిట్టనిలువుగను ఉండు కొండలను బల్లకొండలు అనవచ్చును. పైనున్న గట్టి రాతిపొర క్రిందనున్న మెత్తని పొరలను కాపాడుటచే ఇట్టి ఆకారము ఏర్పడును. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వద్దనున్న టేబుల్ మౌంటెన్ ఎత్తు 1,086 మీటర్లు. ఆగ్నేయపు గాలి వీచునపుడు దానిపై పరచుకొను తెల్లని మేఘమును "బల్లగుడ్డ" అందురు. ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు లకాయ్ 18వ శతాబ్దములో ఒక నక్షత్రరాశికి ఈ కొండ పేరు పెట్టెను, అదియే మెన్సా. మహారాష్ట్రలోని పంచ్‌గని వద్ద టేబుల్ ల్యాండ్ అను విశాలమైన లాటరైటు పీఠభూమి ఉన్నది.

అమెరికాలో ఇట్టి కొండలను స్పానిషు భాషలో బల్ల అని అర్థమిచ్చు 'మెసా' అను పేరుతో పిలుతురు. నవాహో ప్రజల భూభాగములోని మాన్యుమెంట్ వ్యాలీని యాన్సెల్ ఆడమ్స్ మొదలైన ఛాయాగ్రాహకులు చిత్రించిరి. ఉదయ, సాయంకాలములందు ఏటవాలుగా పడు వెలుతురు రాతి పొరలను స్పష్టపరచును. మధ్యాహ్నపు ఎండలో అవి చదునుగా కనిపించును. మార్చి చివరను, సెప్టెంబరు మధ్యలోను కొద్ది దినములు మాత్రము సూర్యాస్తమయ వేళ అచటి వెస్ట్ మిట్టెన్ కొండ నీడ సరిగా ఈస్ట్ మిట్టెన్‌పై పడును. దీనిని చిత్రించుటకు ఛాయాగ్రాహకులు ప్రత్యేకముగా అచట చేరుదురు.

ఇవి కూడా చూడండి

* కుర్చీ
* పీట
* వడ్రంగి
* పీఠభూమి
* రౌండ్ టేబుల్ సమావేశములు