సర్వాయి పాపని గాథ: రూపాంతరములు

ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి 2016 నుండి వేరొక జిల్లాకు కేంద్రము. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టిన సర్వాయి పాపడు ఆ సంవత్సరముననే భువనగిరిపైకిని వచ్చెను. 1710లో మొగలు అధికారులు అతనిని చంపించిరి.

ఈతని కథ రెండు దారుల నడచినది. పారసీకమున చరిత్ర వ్రాసిన ఖాఫీఖానునకు పాపడు కల్లుగీత కులమున పుట్టిన దోపిడికాడు. విధవయైన తోబుట్టువు సొమ్ము హరించి బలగమును కూర్చుకొనెనని యాతడు చెప్పెను. జానపదుల పాటలో ముందుకు వచ్చునది తల్లి. కులవృత్తి చేపట్టుమని ఆమె చెప్పగా కొడుకు గోలకొండ కోట తలుపులను తలచును.

ఈ పాటను 1874లో బాయిల్ దొర 'ఇండియన్ ఆంటిక్వెరీ'లో ప్రకటించెను. అచ్చుకెక్కినది ఒక గాయకుని పాఠమే. దానినే మూలమనుట పొరపాటు. తరువాత బుఱ్ఱకథ, చలనచిత్రము, కూడలి విగ్రహము వచ్చినవి. పాపడు సర్దార్ పాపన్న యైనాడు. ఈ గౌరవము న్యాయమే. కాని విగ్రహమునకు గుఱ్ఱము, కత్తి చాలును. తల్లితోడి సంవాదము అందులో ఇమడదు. అది లేనిచో పాపన్న మఱియొక దొరవలె కనబడునని మా భయము. ఇక పల్లెలలో పాఠములు సేకరించు విద్యార్థులు ముందుగా అడుగవలసినది ఆ తోబుట్టువును గూర్చియే.