కలివికోడి జాడ, మూలస్థాన గోప్యత: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

అరుదైన జీవిని కాపాడాలంటే అది ఎక్కడున్నదో తెలియాలి. ఆ జాడ వేటగాడికి అందితే రక్షణ కోసం సేకరించిన సమాచారమే దానికి ముప్పవుతుంది. వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్‌ల పరిశోధనలో దీనిని మూలస్థాన గోప్యతా సమస్యగా పరిగణిస్తారు. గోప్యత అంటే అందరి నుంచీ దాచడం కాదు; ఎవరికి తెలియాలో నిర్ణయించడం. కడప జిల్లా లంకమల అడవుల కలివికోడి చరిత్ర ఇందుకు నిదర్శనం.

జాడ తెలియడం వల్ల కలిగిన మేలు:

థామస్ జెర్డాన్ కనుగొన్న ఈ పక్షికి ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రీయ నామకరణం చేశారు. 1900 తరువాత కనిపించకపోవడంతో అంతరించిందని శాస్త్రజ్ఞులు భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో స్థానికుడైన ఐతన్న దీనిని పట్టుకోగా, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గుర్తించారు. కలివి పొదల పేరుతో స్థానికులు పిలుచుకొనే పక్షి శాస్త్రానికి మాత్రమే కనుమరుగైందన్నమాట. జాడ వెల్లడైన తరువాతే లంకమలేశ్వర అభయారణ్యం ఏర్పడింది. శ్రీశైలం జలాలను కర్నూలు, కడప జిల్లాల మీదుగా తీసుకువెళ్లే తెలుగుగంగ కాలువ పనులు 2005లో ఈ పక్షి ఆవాసాన్ని తాకాయి. ఆవాసం ఎక్కడో నమోదై ఉన్నందువల్లనే అభ్యంతరం చెప్పడం, కాలువ మార్గాన్ని మార్చడం సాధ్యమయ్యాయి.

జాడ తెలియడం వల్ల కలిగే ముప్పు:

ఈ సమస్యను 2004, 2005లలో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాండా, వేటగాడు అనే నమూనాతో వివరించారు. పాండాను గుర్తించిన సెన్సార్ పంపే సందేశం ఒక పరికరం నుంచి మరొకదానికి చేరుతూ కేంద్రానికి వెళ్తుంది. ఎన్‌క్రిప్షన్ సందేశంలోని విషయాన్ని దాస్తుంది గాని, రేడియో తరంగం వచ్చిన దిశను దాచలేదు. వేటగాడు ఒక్కో సందేశానికి ఒక్కో అడుగు వెనక్కి నడిచి పాండాను చేరగలడు. సందేశాన్ని ముందుగా యాదృచ్ఛికంగా కొంతదూరం తిప్పి, ఆ తరువాత కేంద్రానికి పంపడం వారు సూచించిన ఉపాయం. అయితే నెట్‌వర్క్ మొత్తాన్నీ ఒకేసారి వినగల శత్రువుకు ఇది చాలదు. అతని నుంచి దాచాలంటే పాండా లేనిచోటి సెన్సార్లు కూడా బూటకపు సందేశాలు పంపుతుండాలి. దానితో బ్యాటరీలు త్వరగా తరిగిపోతాయి. వాటిని మార్చడానికి అడవిలోకి పదేపదే వెళ్లడం కూడా ఆ జీవికి అలజడే.

లంకమలకు అన్వయం:

ఈ శతాబ్ది తొలి ఏళ్లలో పి. జగన్నాథన్ తదితరులు మెత్తటి మట్టి పట్టీలపై పడిన అడుగుజాడలతో, స్వయంచాలక ఫిల్మ్ కెమెరాలతో కలివికోడిని అధ్యయనం చేశారు. అవి రేడియో సంకేతాలు పంపవు కనుక వెంబడించడానికి దారి ఉండదు. సమాచారం కోసం మనుషులే వెళ్లాలి. రేపు అక్కడ సెన్సార్లు అమర్చినా తొందర అవసరం లేదు. రాత్రి సంచరించే పక్షి ఉనికి మరునాటికి తెలిసినా సరిపోతుంది. పక్షి కనిపించినా కనిపించకపోయినా ప్రతి సెన్సార్ రోజుకొకసారి, నిర్ణీత సమయంలో, ఒకే పరిమాణంలో సందేశం పంపితే ఏది అసలైనదో వినేవాడికి తేలదు. సందేశాలు తక్కువ కనుక బ్యాటరీ ఖర్చూ తక్కువే.

ముగింపు:

జాడ ఎవరికీ తెలియకపోతే కాలువ పొదలను మింగేది. అందరికీ తెలిస్తే వేటగాడు పక్షిని చేరుతాడు. కాపాడేవారికి ఆలస్యంగానైనా తెలిసి, వేటగాడికి ఎన్నటికీ తెలియని మార్గమే కలివికోడికి క్షేమం.