5.3 ఓటమి నేర్పిన వ్యూహం: రహీం, భారత ఫుట్‌బాల్ (1952–62)

ఫుట్‌బాల్ చరిత్రను సాధారణంగా గోల్ చేసినవారి పేర్లతో చెబుతారు. ఆటగాళ్లను మైదానంలో ఏ వరుసలో నిలిపారన్నది కూడా చరిత్ర విద్యార్థి పరిశీలించవలసిన అంశమే. ఇందుకు హైదరాబాద్‌కు చెందిన ఉపాధ్యాయుడు, శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం కృషి మంచి ఉదాహరణ.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ 1-10 తేడాతో యుగోస్లావియా చేతిలో ఓడిపోయింది. మన ఆటగాళ్లలో కొందరు బూట్లు లేకుండా ఆడారు. అయితే లోపం పాదరక్షలది మాత్రమే కాదు. అప్పటికి మన దేశంలో 2-3-5 పద్ధతి వాడుకలో ఉండేది. అంటే గోల్‌కీపర్ కాక వెనుక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన సడలిన తరువాత ఇంగ్లాండ్‌లో సెంటర్ హాఫ్‌ను వెనక్కి తెచ్చి మూడో డిఫెండర్‌గా నిలిపారు. ఆ మార్పు మనకు చాలా ఆలస్యంగా అందింది.

ఓటమి తరువాత రహీం రక్షణను ముగ్గురితో పటిష్ఠం చేశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి, నాలుగో స్థానం పొందింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఆ తరువాతి కాలంలో ప్రపంచమంతటా పేరొందిన 4-2-4 పద్ధతిని మన దేశానికి పరిచయం చేసిన ఘనత కూడా రహీంకే దక్కుతుంది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకు గాయమైంది. రహీం అతన్ని పక్కన పెట్టక, సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్‌లో భారత్ 2-1తో దక్షిణ కొరియాపై గెలిచింది. పి.కె. బెనర్జీతో పాటు గోల్ చేసినది జర్నయిల్ సింగే.

ఈ జట్టులో తగిన గుర్తింపు పొందని వ్యక్తి సికింద్రాబాద్ ప్రాంతానికి చెందిన తులసీదాస్ బలరాం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ, పెరూ జట్లపై గోల్స్ చేశాడు. సహచరులు చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలకు పద్మశ్రీ లభించింది. బలరాంకు అర్జున అవార్డుతోనే సరి.

1963లో రహీం క్యాన్సర్‌తో మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు మళ్లీ దక్కలేదు. ఒక వ్యక్తి జ్ఞానాన్ని వ్యవస్థ తనదిగా చేసుకోకపోతే విజయం నిలవదని ఈ దశాబ్దం తెలుపుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1952 ఓటమి భారత జట్టు ఆట పద్ధతిని ఎలా మార్చింది? ఐదు వాక్యాలలో వివరించండి.