ఇంటి లెక్కలో తల్లి పద్దు

డెబ్బై ఏళ్ల కిందట తెలుగు పల్లెలో ఒక ఇల్లాలికి ఏడెనిమిది కాన్పులంటే ఎవరూ వింతగా చూసేవారు కాదు. పుట్టినవాళ్లలో ఎందరు దక్కుతారో తెలియని కాలం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల చుట్టుపక్కలే. దక్కినవాళ్లు ఊహ తెలిసేసరికే గొడ్లు కాసేవారు, చెల్లెళ్లను చంకనెత్తుకునేవారు, పెద్దయ్యాక అమ్మానాన్నలకు దిక్కయ్యేవారు. అంతమందిని కనడం వెనుక ఉన్నది బతుకు లెక్కే. ఆ లెక్కలో తల్లి ఒంటిని, తల్లి కాలాన్ని ఖర్చు కింద ఎవరూ రాయలేదు. చంటిబిడ్డను గట్టు మీద చెట్టుకు ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, ఆమె నాట్లు వేసింది.

1952లో కుటుంబ నియంత్రణ ప్రభుత్వ కార్యక్రమమైంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదే, 80 లక్షలకు పైగా సంతాన నిరోధక ఆపరేషన్లు చేశారు, చాలామందికి బలవంతంగా. వాటిలో అత్యధికం మగవాళ్లకే. ఆ బలవంతంపై ప్రజల కోపం ఎన్నికల్లో బయటపడింది. అప్పటి నుంచి ఆ భారం ఆడవాళ్ల మీదికి మళ్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నారు. మగవాళ్లకు చేసే వేసెక్టమీ ఒక్క శాతమైనా లేదు.

ఆడవాళ్లు చదువుకుంటేనే కాన్పులు తగ్గుతాయంటారు. 1991లో కేరళ స్త్రీలలో అక్షరాస్యత 86 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 33 శాతం. అయినా ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1992-93లో 2.6 ఉండగా 2005-06కు 1.8కి దిగింది. చదువురాని తల్లులు కూడా ఇద్దరితో ఆపేశారంటే లెక్క మారిందనే అర్థం. పత్తి చేలలో, పశువుల వెంట ఉన్న పిల్లలను బడికి మళ్లించే ఉద్యమాన్ని రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ నడిపిన రోజులవి. కాన్వెంటు ఫీజు, ఎంసెట్ కోచింగు, ఆడపిల్ల కట్నం కలిసి బిడ్డను సంపాదించే చేయి నుంచి పెట్టుబడిగా మార్చాయి. కొద్దిమందిని కని బాగా చదివించుకునే ఈ ధోరణిని 1960లోనే ఆర్థికవేత్త గ్యారీ బెకర్ సిద్ధాంతీకరించాడు. ఇద్దరికి మించి ఉంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వని 1994 చట్టం దీనికి తోడైంది.

కాన్పులు తగ్గితే తల్లికి తీరిక, దాంతోపాటు సంపాదన రావాలి. కానీ 2019 కాల వినియోగ సర్వేలో దేశంలో ఇంటి చాకిరీ చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. అమెరికా స్త్రీల రెండు వందల ఏళ్ల శ్రమను పరిశీలించి 2023లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్ కూడా, జీతాల్లో అంతరం ముఖ్యంగా తొలి బిడ్డ పుట్టాకే పెరుగుతోందని చూపించింది. 1961 చట్టం ఇచ్చిన 12 వారాల ప్రసూతి సెలవును 2017లో 26 వారాలు చేశారు. చాలాచోట్ల ఆ జీతం మొత్తం యజమానే భరించాలి కనుక, పెళ్లీడు అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనకాడేవాళ్లు తయారయ్యారు. కలుపు తీసే కూలితల్లికి ఆ సెలవు ఊసే లేదు. ప్రైవేటు కొలువులోని తండ్రికి చట్టం ఒక్క రోజూ ఇవ్వలేదు.

ఇప్పుడు గాలి తిరిగింది. ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో రద్దు చేసింది. 2020లో మొదలైన అమ్మ ఒడి పథకం ఎందరు బిడ్డలున్నా తల్లికి ఒక్క సాయమే ఇస్తే, 2025లో వచ్చిన తల్లికి వందనం పథకం బడికెళ్లే ప్రతి బిడ్డకూ ఇస్తోంది. ఇంకా కనండని నాయకులు అడుగుతున్నారు. ఎంత డబ్బు గుమ్మరించినా దక్షిణ కొరియాలో సగటు సంతానం 2023కు 0.72కి పడిపోయిందని వాళ్లు గుర్తుంచుకోవాలి.

నిన్న వద్దన్నదీ నేడు కావాలంటున్నదీ ప్రభుత్వమే. రెండుసార్లూ తల్లిని అడగలేదు. ఊరూరా చంటిపిల్లల్ని చూసుకునే కేంద్రం పెట్టండి. ప్రసూతి జీతాన్ని ప్రజాధనం నుంచి ఇవ్వండి. తండ్రికీ సెలవివ్వండి, ఆ సెలవులో అతను బిడ్డను ఎత్తుకోవాలి. ఆ తర్వాత ఎందరిని కనాలో ఆమె చెబుతుంది.