మిలిటరీ లారీ, మన ఊరి మర



కోయంబత్తూరు, మదురై పేర్లు చెప్పగానే మనకు నాయకరాజులు గుర్తుకు వస్తారు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాడు. విజయనగర కాలం నుంచి దక్షిణానికి తరలిపోయిన తెలుగు కుటుంబాలు కొంగునాడు నల్లరేగడి నేలల్లో పత్తి పండించుకుంటూ స్థిరపడ్డాయి. పీళమేడు, సూలూరు, కళంగల్ వంటి ఊళ్ళలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఈ కథ మనం చాలాసార్లు విన్నదే. ఈ రోజు అదే ఊళ్ళలో జరిగిన మరొక చరిత్ర చెప్పుకుందాం. అందులో రాజులు లేరు. గ్రీసు మరకలున్న చేతులున్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. సైన్యం దగ్గర వేలాది లారీలు, జీపులు మిగిలిపోయాయి. వాటిని అమ్మడానికి ప్రభుత్వం డిస్పోజల్స్ శాఖను పెట్టింది. వేలంలో కొన్న లారీ ఆకుపచ్చ రంగుతోనే ఊళ్ళోకి వచ్చేది. పత్తి బేళ్ళకీ వేరుశనగ మూటలకీ బండి దొరికింది. కాని బండి కొన్నవాడికి మరునాడే ఒక ప్రశ్న ఎదురయ్యేది. యుద్ధం కోసం తయారైన బండికి ఏదైనా విరిగితే ఆ సామాను ఏ అంగట్లో దొరుకుతుంది?

దీనికి జవాబు బానెట్ కింద ఉంది. భారత సైన్యం ఎక్కువగా వాడిన బండ్లలో కెనడా దేశపు ఫోర్డు, షెవర్లే లారీలు ముఖ్యమైనవి. ఆ రకం బండ్లు యుద్ధకాలంలో సుమారు 4 లక్షలు తయారయ్యాయి. ముక్కు కుదించినట్టుండే ఆ ముఖం సైన్యానిదే. లోపలి ఇంజను మాత్రం సైన్యం కోసం కొత్తగా పుట్టించింది కాదు. ఫోర్డులో 239 ఘనపు అంగుళాల వి-8, షెవర్లేలో 216 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను ఉండేవి. అవే కుటుంబం ఇంజన్లు మామూలు కార్లలో, లారీల్లో తిరిగేవి. జీపు సంగతీ అంతే. విల్లీస్ కంపెనీ 1945లో రైతులకోసం తెచ్చిన జీపులోనూ యుద్ధపు జీపు ఇంజనే ఉంది. అంటే చొక్కా మిలిటరీది, గుండె మన ఊరిది. పిస్టను రింగులు, వాల్వులు, కార్బురేటరు భాగాలు కావాలంటే షావుకారు కారుకు సామాను అమ్మే అంగడికే వెళ్ళాలి.

అటువంటి పెద్ద అంగడి మదురైలో ఉండేది. తమిళుడైన టి.వి. సుందరం అయ్యంగారు 1911లో అక్కడ ప్రారంభించిన సంస్థ బస్సులు నడిపింది, జనరల్ మోటార్స్ బండ్లూ సామానూ అమ్మింది. యుద్ధకాలంలో పెట్రోలు కరువైతే బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచే పరికరాన్ని కూడా తయారుచేసింది.

ఇక కోయంబత్తూరు విద్య వేరు. అది విప్పి చూసే విద్య. కళంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు బడిలో నిలవలేదు. ఒక మోటారు సైకిలు మీద మనసుపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నారు. కొన్నాక విప్పి, మళ్ళీ బిగించారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారు తయారుచేశారు. పీళమేడులో 1926లోనే పి.ఎస్.జి. కుటుంబంవారు పారిశ్రామిక శిక్షణాలయం స్థాపించారు. 1930లలో పైకారా విద్యుత్తు వచ్చింది. మిల్లుల చుట్టూ లేతులు, పోతపోసే కొలుములు వెలిశాయి.

శ్రోతలారా, ఈ లేతుల అవసరం 1954లో బాగా తెలిసివచ్చింది. దేశంలోనే భాగాలు తయారుచేయని కంపెనీలు బండ్లు బిగించడం మానుకోవాలని ప్రభుత్వం నిర్ణయించింది. 1928 నుంచి బొంబాయిలో బండ్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్ ఆ ఏడాది పని ఆపేసింది. ఫోర్డు కూడా వెళ్ళిపోయింది. అంగట్లో పెట్టెలు ఖాళీ అవుతూ వచ్చాయి. బండ్లు మాత్రం రోడ్డుమీదే ఉన్నాయి.

మా అమ్మ పుట్టిల్లు సూలూరు పక్క పల్లె. మా తాతకు అక్కడ చిన్న పట్టరై ఉండేది. పట్టరై అంటే తమిళంలో పనిశాల. ఆయన సామాను వెతికే పద్ధతి ఇప్పటికీ పాఠంలా చెప్పగలను. బేరింగు పోతే బండి పేరు చెప్పి అడగకూడదు. దాని అంచుమీద చెక్కిన అంకె చదవాలి. 6205 అని ఉంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15. ఏ దేశంలో తయారైనా అంతే. అది పంపుసెట్టు మోటారులో ఉన్నా, లారీలో ఉన్నా ఒకటే. ఆయిలు సీలు పోతే ఇరుసు మందం, గూడు వెడల్పు, లోతు, ఈ మూడు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళాలి. అంగడివాడికి కావలసింది బండి చరిత్ర కాదు, కొలత.

ప్రమాదం మరలో ఉంది. అర అంగుళం ఇంగ్లీషు విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చుట్లు. అదే మందం అమెరికా బోల్టుకు 13 చుట్లు. కంటికి రెండూ కవలలు. ఒకదాని నట్టులో మరొకటి మొదటి రెండు చుట్లు సులువుగా ఎక్కుతుంది, తరువాత పట్టేస్తుంది. యుద్ధంలో ఈ తేడా ఎంత చేటు చేసిందో చూసే, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా మూడూ కలిసి ఒకే మరను ఒప్పుకున్నాయి. అప్పటికే వచ్చిపడిన లారీలకు ఆ ఒప్పందం ఏం చేస్తుంది?

తాత పట్టరైలో ఒక కుర్రవాడు స్టీరింగు పెట్టెను పట్టి ఉంచే బోల్టు పోతే, మరో బండి బోల్టును రెంచితో బలవంతంగా ఎక్కించాడు. మర తెగిపోయింది, కాని పైకి బిగిసినట్టే కనిపించింది. పల్లడం దారిలో వేరుశనగ లోడుతో పోతుండగా పెట్టె ఊడి, లారీ చేలోకి దిగింది. క్లీనరు కాలు విరిగింది. ఆ బోల్టును తాత గోడకు మేకు కొట్టి వేలాడదీశారు. "మొదటి రెండు చుట్లు ఎవడైనా తిరుగుతాడు. చివరిదాకా చేత్తో తిరిగేదే మన బోల్టు" అనేవారు.

అన్నిటికీ ఊరి సామాను సరిపోదు కూడా. ముందు చక్రాలనూ తిప్పే ఇరుసు కీళ్ళకు మామూలు లారీల్లో జోడు లేదు. కొందరు ముందు షాఫ్టు తీసేసి వెనక చక్రాలతోనే నడుపుకున్నారు. ఆ కెనడా లారీల చక్రం రెండు రేకులను బోల్టులతో బిగించినది. గాలి తీయకుండా ఆ బోల్టులు విప్పితే రేకు గుండులా ఎగిరి మనిషిని చంపుతుంది. సామాను తెలిస్తే చాలదు, ఏది ముందు చేయాలో తెలియాలి.

తరువాతి కాలంలో ఈ వెతుకులాట తగ్గింది. టి.వి.ఎస్. కుటుంబం సంస్థలే 1960లో చక్రాలు, 1962లో బ్రేకులు, 1966లో బోల్టులు తయారుచేయడానికి పూనుకున్నాయి. మిలిటరీ లారీలు ఒక్కొక్కటే పాత ఇనుముకు పోయాయి.

మా తాత పోయాక ఆయన నోటుపుస్తకం నాకు ఇచ్చారు. ఏ సామానుకు ఏది సరిపోతుందో నలభై ఏళ్ళపాటు రాసుకున్నది. భాష తెలుగు, లిపి తమిళం. ఆయనకు తెలుగు అక్షరాలు రావు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ఒకచోట "కట్టి బోల్టు" అని చదివి, తాడుతో కట్టే బోల్టు ఏమిటా అని తికమకపడ్డాను. అది "గట్టి బోల్టు". ఇంట్లో మా మామ కొడుక్కి తమిళ లిపి బాగా వచ్చు, కాని తెలుగు మాట తగ్గిపోయింది. మన వైపు పిల్లలకు తెలుగు వచ్చు, ఆ లిపి రాదు. రెండూ వచ్చినవాళ్ళు ఉన్నంతవరకే ఆ పుస్తకానికి నోరుంటుంది.

అందుకే సరిహద్దు జిల్లాల్లో ఉన్న మీకు నా మనవి. మీ ఇళ్ళలోనూ అటువంటి లెక్కల పుస్తకాలు, మందుల చీటీలు, పనిముట్ల పేర్లు ఉంటాయి. రెండు భాషలూ తెలిసిన పెద్దవారి పక్కన కూర్చుని ఈ నెలలోనే చదివించుకోండి. విన్నది తెలుగు అక్షరాల్లో రాసి పెట్టండి. చివరిదాకా చేత్తో తిరిగిందో లేదో వారినే అడిగి చూసుకోండి.