అగ్నిపర్వత ముప్పు: దూరమొక్కటే కొలమానం కాదు

అగ్నిపర్వతం బద్దలైతే ఎందరు ప్రమాదంలో పడతారో అంచనా వేయడానికి శాస్త్రవేత్తలు సాధారణంగా దాని చుట్టూ 10, 30, 100 కిలోమీటర్ల వలయాలు గీసి, వాటిలోని జనాభాను లెక్కిస్తారు. ప్రాథమిక అంచనాకు ఈ పద్ధతి ఉపకరిస్తుంది. దానితోనే సరిపెట్టుకుంటే అసలు ముప్పు మరుగున పడుతుంది. ఏలయనగా బూడిద గాలివాటున పోతుంది, బురద ప్రవాహం నదీలోయను పట్టుకుని దిగుతుంది.

దక్షిణ అమెరికాలోని కొలంబియాలో 1985 నవంబరు 13 రాత్రి జరిగిన దుర్ఘటన ఇందుకు నిదర్శనం. నెవాడో డెల్ రూయిజ్ పర్వతంపై సంభవించిన విస్ఫోటం నిజానికి పెద్దదేమీ కాదు. అయితే శిఖరంపైని మంచు కొంత కరిగి, బూడిద, మట్టి, రాళ్లతో కలిసి లోయల్లోకి ఉరికింది. నదీమార్గాన 70 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఆర్మెరో పట్టణాన్ని సుమారు రెండున్నర గంటల్లో ముంచెత్తింది. మొత్తం 23 వేల మందికి పైగా మృతి చెందారు.

1845లో ఇటువంటి ప్రవాహమే మిగిల్చిన మేటపై ఆ పట్టణం వెలసింది. ముప్పు ప్రాంతాల పటం విస్ఫోటానికి నెల ముందే, అక్టోబరులో సిద్ధమైంది. అందులో ఆర్మెరో ఉంది. ఎత్తైన నేల కాలినడక దూరంలోనే ఉంది. సకాలంలో తరలింపు మాత్రం జరగలేదు. అందుకే జనసంఖ్యతో పాటు లోయలు, పాత మేటలు, రాత్రివేళ హెచ్చరిక చేరే తీరు కూడా అంచనాలో చేరవలసి ఉంది.

బూడిద విషయంలో వలయాల లెక్క మరింత తప్పుతుంది. సుమారు 74 వేల ఏళ్ల క్రితం ఇండొనేషియాలోని టోబా వెదజల్లిన బూడిద, రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, నంద్యాల జిల్లా జ్వాలాపురం నేలపొరల్లో నేటికీ కనిపిస్తుంది.