చికాగో కొట్టులో పుట్టిన ఎర్రముక్కు జింక

1939లో అమెరికా వ్యాపారులకు పండగ బెంగ పట్టుకుంది. ఆర్థిక మాంద్యం ఇంకా పూర్తిగా వదల్లేదు. థాంక్స్‌గివింగ్ అయ్యాకే క్రిస్మస్ బేరాలు ఊపందుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడాది ఆ పండగ నవంబరు 30న పడింది. అమ్ముకోడానికి రోజులు చాలవని పెద్ద దుకాణాలవాళ్లు మొరపెట్టుకుంటే, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఏకంగా పండగనే వారం ముందుకు జరిపేశాడు. చాలా రాష్ట్రాలు ఒప్పుకోలేదు, పెద్ద రగడే అయింది.

చికాగోలోని మాంట్‌గోమరీ వార్డ్ కంపెనీలో మాత్రం ఆ ఏడాది మొదట్లోనే ఇంకో పని మొదలైంది. 1872లో పుట్టిన ఈ సంస్థ కేటలాగు అచ్చేసి, పల్లెల్లోని రైతుల ఇళ్లకు సరుకు పంపుతూ పెరిగింది. మధ్యలో దళారీ ఉండడు, ధర తక్కువ అన్నదే దాని పేరుకు పునాది. క్రిస్మస్‌కు తమ దుకాణాలకొచ్చే పిల్లలకు రంగులేసుకునే పుస్తకాలు కొని పంచేవారు. వాటిని బయట కొనేబదులు మనమే ఒకటి తయారుచేసుకుంటే ఖర్చు కలిసొస్తుంది కదా అనుకున్నారు. ఓ జంతువు కథ రాయమని ప్రకటనల విభాగంలో రాబర్ట్ మే అనే ఉద్యోగికి చెప్పారు.

మే వయసు అప్పటికి 33. మగవాళ్ల తెల్లచొక్కాల గురించి కేటలాగులో నాలుగు ముక్కలు రాయడం లాంటివి ఆయన పనులు. గొప్ప నవల రాయాలని కలగన్న మనిషి. ఇంట్లో భార్య ఎవెలిన్ క్యాన్సర్‌తో మంచం పట్టింది, వైద్యానికి చేసిన అప్పులు మీద పడ్డాయి. కూతురు బార్బరాకు నాలుగేళ్లు. చిన్నప్పుడు తోటిపిల్లల్లో బక్కగా, బెరుగ్గా ఉండి ఎగతాళి పడ్డ రోజులు ఆయనకు గుర్తున్నాయి. కిటికీలోంచి చూస్తే మిషిగన్ సరస్సు మీంచి కమ్ముకొస్తున్న పొగమంచు. ఆ మంచులో దారి చూపగల ముక్కు ఒకటుంటే? అందరూ వెక్కిరించే ఓ జింక ఎర్రముక్కే క్రిస్మస్ తాత బండికి దీపమైతే?

పై అధికారికి నచ్చలేదు. ఎర్రముక్కంటే తాగుబోతు గుర్తొస్తాడన్నాడు. మే వాదన పెట్టుకోలేదు. చిత్రకారుడు డెన్వర్ గిల్లెన్‌ను వెంటబెట్టుకుని లింకన్ పార్క్ జూకు వెళ్లాడు. గిల్లెన్ అక్కడి జింకలను చూసి వేసిన బొమ్మల్లో ముక్కు ఎర్రగా ఉన్నా పసితనమే కనిపించింది. అధికారి సరేనన్నాడు.

జులైలో ఎవెలిన్ చనిపోయింది. ఈ పని ఇంకొకరికి ఇద్దాంలే అన్నాడు అధికారి. మే వదల్లేదు. అప్పుడే ఆ కథ తనకు ఎక్కువ అవసరమైంది. ఆగస్టు చివరికి పూర్తిచేసి, ముందు బార్బరాకు, అత్తమామలకు చదివి వినిపించాడు. ఈ ఘట్టం దగ్గర ఎవరైనా కాసేపు ఆగాలి. కంపెనీ అడిగింది చవకలో ఓ పంపకం పుస్తకం. వాళ్ల చేతికొచ్చింది మాత్రం దుఃఖంలో ఉన్న ఓ తండ్రి తన బిడ్డకు చెప్పుకున్న ఊరట.

ఆ తొలి కథ ఇప్పుడు అందరికీ తెలిసిన రూపంలో ఉండదు. అందులో రుడాల్ఫ్ అనే ఆ ఎర్రముక్కు జింక ఉత్తర ధ్రువంలో కాదు, ఎక్కడో తన ఇంట్లో అమ్మానాన్నలతో ఉంటాడు. బహుమతి ఇవ్వడానికి వచ్చిన క్రిస్మస్ తాత, నిద్రపోతున్న ఆ పిల్ల జింక గదిలో వెలుగు చూసి సాయమడుగుతాడు. అంత్యప్రాసల పద్యాల్లో నడిచే ఆ కథలో ఎక్కడా తెల్లచొక్కా లేదు, ధర లేదు, ఫలానా కొట్టుకు రమ్మన్న పిలుపు లేదు. నా దృష్టిలో దాని బలమంతా అక్కడే ఉంది. మన ఊళ్లలో ఆషాఢం తగ్గింపుల బ్యానర్లు చూడండి. పక్క కొట్టువాడు ఇంకో పది శాతం ఎక్కువ రాస్తే మొదటి బ్యానరు ఆ పూటే చెల్లిపోతుంది. పిల్లాడు రాత్రి మళ్లీ చదవమని అడిగే కథ మీద ఎవడు ఎక్కువ పాట పాడగలడు?

ఆ క్రిస్మస్‌కు దాదాపు 24 లక్షల ప్రతులు పంచారు. యుద్ధకాలంలో కాగితం కరువై ఆగిపోయినా, 1946లో మళ్లీ 36 లక్షలు పంచారు. అన్నీ ఉచితమే. ఉద్యోగంలో భాగంగా రాశాడు కాబట్టి హక్కులు కంపెనీవే. మేకు జీతం తప్ప పైసా రాలేదు. అప్పుల్లోనే ఉన్న ఆయనకు 1947లో కంపెనీ పెద్ద సూయెల్ ఎవరీ ఆ హక్కులు పూర్తిగా రాసిచ్చేశాడు. యుద్ధకాలంలో ప్రభుత్వ ఆదేశాన్ని ధిక్కరించి, చివరికి సైనికులు కుర్చీతో సహా ఎత్తి బయటికి మోసుకొచ్చేదాకా మొండికేసిన మనిషి ఈయన. అలాంటివాడు చేసిన ఈ మేలును గుర్తుచేసుకోకపోతే అన్యాయం.

ఆ తర్వాతదంతా వేగంగా జరిగింది. మే బావ జానీ మార్క్స్ కట్టిన పాటను జీన్ ఆట్రీ పాడితే 1949 క్రిస్మస్‌కు అది దేశమంతా మారుమోగింది. 1964లో టీవీ చిత్రం వచ్చింది. మే కొన్నేళ్లు ఉద్యోగం మాని రుడాల్ఫ్ వ్యవహారాలు చూసుకుని, మళ్లీ పాత కంపెనీకే వెళ్లాడు. 1976లో కన్నుమూశాడు. రాతప్రతి ఆయన చదువుకున్న డార్ట్‌మత్ కాలేజీలో ఉంది.

మాంట్‌గోమరీ వార్డ్ దుకాణాలు మూసేస్తున్నట్టు 2000 డిసెంబరు 28న ప్రకటించింది. క్రిస్మస్ అమ్మకాలు ఆశించినంత లేకపోవడం చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ డిసెంబరులోనూ అమెరికా టీవీల్లో రుడాల్ఫ్ వచ్చాడు.